లైబ్రరీ పన్ను కడుతూనే ఉన్నాం, మా లైబ్రరీ తలుపు తెరవండి

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను హైదరాబాద్‌లో, మూసీకి దగ్గరగా ఉన్న ఒక పాత కాలనీలో, ఇంట్లోనే కుట్టుమిషను పెట్టుకుని బతుకుతున్నాను. ఇంటి పన్ను ప్రతి ఏడూ ఏప్రిల్‌లోనే కట్టేస్తాను. ఆ నెలలో కడితే 5 శాతం తగ్గిస్తారు, మాలాంటి ఇళ్లకు ఆ డబ్బూ లెక్కే. మొన్న కట్టేటప్పుడు మా గల్లీ అబ్బాయి ఫోన్లో లెక్క చూసి పెడుతూ "అక్కా, ఇందులో లైబ్రరీ పన్ను 8 శాతం కూడా కలిసి ఉంటుంది, తెలుసా" అన్నాడు. అంటే ఇంటి పన్ను 3,000 పడితే దాని మీద 240 రూపాయలు గ్రంథాలయాల కోసమే పోతుందన్నమాట. ఇన్నేళ్లుగా కడుతున్నా నాకు ఆ సంగతి తెలియదు. తెలిసిన దగ్గర్నుంచి మనసు ఊరుకోవడం లేదు, ఎందుకంటే మా కాలనీ లైబ్రరీకి తాళం పడి ఏడాది కావస్తోంది.

అదేం పెద్ద లైబ్రరీ కాదు. రెండు గదులు, ముందు వరండా, వరండా పక్కన ఒక వేపచెట్టు. పొద్దున 8 నుంచి 11, మళ్లీ సాయంత్రం 4 నుంచి 7, శుక్రవారం సెలవు. మా నాన్న ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి, ఇప్పుడు 78 ఏళ్లు. అమ్మ పోయాక నా దగ్గరే ఉంటున్నారు. సాయంత్రం నాలుగు కావస్తుంటే ఉతికిన చొక్కా వేసుకుని, జేబులో భూతద్దం పెట్టుకుని, నేను మిషను మీద ఉంటే "పోయొస్త బిడ్డా" అని చెప్పి బయల్దేరేవారు. ఇంటికి ఒక పేపరు వస్తుంది కానీ అక్కడ ఐదారు పేపర్లు ఉండేవి. వాటి కోసం ఒక ఏటవాలు చెక్క బల్ల, ఆ బల్ల చుట్టూ ఎప్పుడూ ఎనిమిది పది మంది పెద్దవాళ్లు. ఒకరు మొదటి పేజీ చదువుతుంటే ఇంకొకరికి మధ్య షీటు తీసి ఇచ్చేవారు, జిల్లా పేజీలు ఇంకొకరికి. ఎవరూ వంతు అని పేరు పెట్టలేదు గానీ ఎవరి వంతు వాళ్లకు వచ్చేది.

నాన్నకు అక్కడే ఒక స్నేహితుడు దొరికారు. పక్క గల్లీలో ఉండే పెద్దాయన, మేమంతా సాబ్ అంటాం. ఆయన ఉర్దూ పేపరు చదువుతారు, తెలుగు మాట్లాడతారు గానీ చదవడం రాదు. నాన్నకు ఉర్దూ అర్థమవుతుంది, చదవడం రాదు. అందుకని ఇద్దరూ ఎవరి పేపరు వాళ్లు చదివేసి, ఏడింటికి లైట్లు ఆపేశాక, వేపచెట్టు కింద అరుగు మీద కూర్చుని ఒకరికొకరు చెప్పుకునేవారు. నేను ఒకటి రెండు సార్లు గొడుగు ఇవ్వడానికి వెళ్లి ఆ మాటలు విన్నాను. మక్కాలో ఎండ ఎంత ఉందో, శ్రీశైలానికి నీళ్లు ఎన్ని వచ్చాయో, ఉల్లిగడ్డ రేటు ఎంత పెరిగిందో, అన్నీ కలిసిపోయి ఉండేవి ఆ కబుర్లలో.

ఒకసారి నాన్నకు జ్వరం వచ్చి రెండు రోజులు వెళ్లలేదు. మూడో రోజు పొద్దున గుమ్మంలో సాబ్, ఆయన వెనకాల లైబ్రరీ అటెండరు. "డ్రైవర్ సాబ్ తబియత్ మంచిగుందా అమ్మా, రెండు రోజులైంది, కనవడ్తలేడు" అని అడిగారు. అటెండరు చేతిలో ఆ రోజు పేపరు ఉంది. "సాయంత్రం లోపల తిరిగియ్యాలె, చదువుకొమ్మని చెప్పు" అన్నాడు. ఇది ఏ రూల్సులోనూ రాసి ఉండదు. ఒక మనిషి రెండు రోజులు కనిపించకపోతే ఇంటికొచ్చి అడిగే చోటు ఈ నగరంలో ఇంకెక్కడుంది చెప్పండి. నాకు తెలిసినంతలో మా కాలనీకి అదొక్కటే ఉండేది.

పోయిన ఏడాది వానలకు స్లాబు కారడం మొదలైంది. ముందు ఒక మూల బకెట్ పెట్టారు, తర్వాత రెండు మూలలా పెట్టారు, పుస్తకాల ర్యాకుల మీద ప్లాస్టిక్ పట్టా కప్పారు. ఒకరోజు పొద్దున నాన్న వెళ్లేసరికి తలుపుకు తాళం, దాని మీద తెల్ల కాగితం: "మరమ్మతుల కారణంగా తాత్కాలికంగా మూసివేయడమైనది." చేత్తో రాసి టేపు అంటించారు. ఆ కాగితం ఎండకు పసుపు రంగుకు తిరిగింది, ఇప్పుడు మీరు వెళ్లి చూస్తే "తాత్కాలికంగా" అన్న చోట సిరా వెలిసిపోయి ఉంటుంది. కిటికీలోంచి లోపలికి చూస్తే పుస్తకాలు సంచుల్లో కట్టి నేల మీదే ఉన్నాయి. నేల మీద చెమ్మ. గోడ వారన చెదలు మట్టి గీతలు గీసుకుంటూ ఆ సంచుల దాకా వచ్చేశాయి. ఇంకొక వానాకాలం వస్తే ఆ పుస్తకాలు దక్కవు, నేను ఈ ఉత్తరం ఇప్పుడు రాయడానికి అది కూడా ఒక కారణం.

ఇప్పుడు నాన్న సాయంత్రం నాలుగింటికి చొక్కా వేసుకోవడం మానేశారు. మంచం మీద కూర్చుని ఫోన్ చూస్తారు. నా కొడుకే కొనిచ్చాడు, ప్రేమతోనే. "ఫోన్లో అన్ని పేపర్లూ వస్తాయి కదా, ఇంకా లైబ్రరీ ఎందుకు" అని చాలామంది నాతో అన్నారు, చదువుకున్నవాళ్లు కూడా. వాళ్లకు నేను చెప్పేది ఒకటే, మా ఇంటికొచ్చి ఒక వారం చూడండి. ఫోన్లో ఆయన చదవరు, వీడియోలు వస్తుంటాయి, ఒకటి అయిపోగానే ఇంకొకటి. ఏదో ఆకు తింటే షుగర్ పోతుందని ఒకడు, బీపీ మాత్రలు వాడితే కిడ్నీలు పోతాయని ఇంకొకడు. ఆ రెండోది చూసి నాలుగు రోజులు నాకు తెలియకుండా మాత్రలు మానేశారు. తల తిరిగి బాత్రూంలో గోడ పట్టుకుని నిలబడితే అప్పుడు బయటపడింది. ఇదే మాట లైబ్రరీ బల్ల దగ్గర ఎవరైనా అని ఉంటే, పక్కనున్న రిటైర్డ్ సైన్సు మాస్టారు ఒక్క నిమిషంలో "ఎవరు చెప్పిండ్రు నీకు" అని అడిగేవారు. ఒంటరిగా చూసే మనిషికి అట్లా అడిగేవాళ్లు ఉండరు. బస్తీ దవాఖానా డాక్టరమ్మ కూడా అదే చెప్పింది, మాత్రలు రాసిస్తూ, "తాతా, రోజూ బయటికి పోవాలె, నలుగురితో మాట్లాడాలె" అని. ఆయన అమాయకంగా నన్ను చూసి "యాడికి పోవాలె" అన్నారు. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు.

నిజంగా, ఎక్కడికి పోతారు? పార్కుంది, పొద్దున సాయంత్రం నడకకు మంచిదే, కానీ మోకాళ్ల నొప్పులున్న మనిషి ఎంతసేపు నడుస్తాడు, మే నెల ఎండలోనూ వానలోనూ ఎక్కడ కూర్చుంటాడు. గుడికి పోవచ్చు, సాబ్ మసీదుకు పోవచ్చు, కానీ ఇద్దరూ కలిసి కూర్చునే చోటు కావాలంటే? హోటల్లో ఒక చాయ్ తాగి గంట కూర్చుంటే సర్వరు బల్ల తుడుస్తూ నిలబడతాడు, అతని తప్పేం లేదు, వ్యాపారం. మాల్‌కు పోతే ఏసీ ఉంటుంది, అక్కడి కుర్చీలు కొనేవాళ్ల కోసం. డబ్బు ఖర్చు పెట్టకుండా, ఎవరినీ బతిమాలకుండా, ఏ కులమో ఏ మతమో అడగకుండా ఫ్యాను కింద రెండు గంటలు కూర్చోనిచ్చే చోటు ఈ మహానగరంలో లైబ్రరీ ఒక్కటే.

పెద్దవాళ్ల సంగతి ఒకటైతే, పిల్లల సంగతి ఇంకొకటి. మా ఎదురింటి అమ్మాయి డిగ్రీ అయిపోయి గ్రూప్స్‌కు చదువుతోంది. వాళ్లది ఒక గది, ఒక వంటగది. తమ్ముళ్లిద్దరు, నాయనమ్మ, ఎప్పుడూ మోగే టీవీ. లైబ్రరీ ఉన్నప్పుడు వెనక గదిలో కిటికీ పక్కన ఆమె కుర్చీ. ఆమెలాంటి వాళ్లు పది పన్నెండు మంది, సొంత పుస్తకాలు, సొంత వాటర్ బాటిళ్లు తెచ్చుకుని తల ఎత్తకుండా చదివేవారు. కుర్చీలు చాలక ఇద్దరు ముగ్గురు ఇంటి నుంచి ప్లాస్టిక్ కుర్చీలు మోసుకొచ్చేవారు. ఇప్పుడు ఆ అమ్మాయి చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీకి పోతోంది. పొద్దున ఆరింటికే బయల్దేరుతుంది, ఆలస్యమైతే కూర్చోవడానికి చోటుండదని. జిల్లాల నుంచి వచ్చి హాస్టళ్లలో ఉండేవాళ్లు, నగరంలో నలుమూలల నుంచి వచ్చేవాళ్లు, అందరికీ అదే ఆధారం. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు సిటీ బస్సు ఫ్రీ కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే రోజూ రెండు బస్సుల చార్జీలు ఆ ఇల్లు పెట్టుకోలేదు. అయినా రెండు గంటలు బస్సులోనే పోతున్నాయి. ఆ రెండు గంటలు మా గల్లీ చివర వేపచెట్టు పక్కన చదువుకోవాల్సిన పిల్ల.

ఒక మాట మాత్రం దాచకుండా చెప్పాలి. తెరిచి ఉన్నప్పుడు కూడా మా లైబ్రరీలో ఆడపిల్లలకు సుఖం లేదు. టాయిలెట్ ఉండేది, నీళ్లు రావని తాళం వేసి ఉంచేవారు. మగవాళ్లకు గోడలున్నాయి. ఈ పిల్లలు పొద్దున్నుంచి నీళ్లు తాగకుండా కూర్చునేవారు. ఒకరోజు ఎదురింటి పిల్ల మా ఇంటికి పరుగెత్తుకొచ్చి "ఆంటీ, బాత్రూం" అంది, ఆ తర్వాత నుంచి నేనే చెప్పాను, అమ్మా, మీ ఫ్రెండ్స్‌ను కూడా రమ్మను, మొహమాటపడకండి అని. నలుగురైదుగురు వచ్చేవారు. నేను సంతోషంగానే చేశాను, కానీ అది నా ఇంటి మీద ఆధారపడాల్సిన విషయమా? అందుకే రిపేరు అంటే స్లాబుకు సిమెంటు పూసి వదిలేయకండి. నీళ్లొచ్చే టాయిలెట్, లోపల గడియ పడే తలుపు, వెలిగే లైటు కావాలి. అది లేని లైబ్రరీ సగం మందికే లైబ్రరీ.

సాబ్ అప్పుడప్పుడు అఫ్జల్‌గంజ్ లైబ్రరీ గురించి చెప్తుంటారు. ఇప్పుడు స్టేట్ సెంట్రల్ లైబ్రరీ అంటున్నాం, అది 1891లో మొదలైన ఆసఫియా లైబ్రరీ. చిన్నప్పుడు వాళ్ల అబ్బాజాన్ ఆయన్ను చెయ్యి పట్టుకుని అక్కడికి తీసుకెళ్లి "ఇక్కడ గట్టిగా మాట్లాడొద్దు" అన్నారట, ఆ ఎత్తు కప్పు చూసి తనకు మాటే రాలేదట. నాకు మా స్కూలు తెలుగు టీచరు చెప్పిన సంగతి గుర్తుంది. 1901 సెప్టెంబరు 1న కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, నాయని వెంకట రంగారావు లాంటి పెద్దలు కలిసి శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం పెట్టారు, అదీ రావిచెట్టు రంగారావు గారి ఇంట్లోనే మొదలుపెట్టారు. తెలుగు చదువుకోవడానికే తావు లేని రోజుల్లో, తెలుగువాళ్లు నలుగురు ఒకచోట కూర్చోవడానికి ఈ నగరంలో దొరికిన చోటు అది. ఆ నిలయం సుల్తాన్‌బజార్‌లో ఇప్పటికీ ఉంది. ఆ రోజుల్లో ప్రభుత్వం ఇవ్వలేదు, పన్ను లేదు, వాళ్లే ఇల్లిచ్చారు, పుస్తకాలిచ్చారు. హైదరాబాద్ రాష్ట్రంలో గ్రంథాలయ చట్టం వచ్చింది 1955లో, తర్వాత 1960 చట్టం. అప్పటినుంచి మనం పన్ను రూపంలో ముందే డబ్బు కట్టేస్తున్నాం. అడుక్కుంటున్నది కాదు, కట్టినదాని గురించి అడుగుతున్నాం.

అడగడానికి నేను నాలుగు సార్లు తిరిగాను. పని మానుకుని, బ్లౌజులు ఇవ్వాల్సిన వాళ్లతో మాటలు పడి. ఒక ఆఫీసులో "పన్ను వసూలు చేయడమే మా పని, లైబ్రరీ మాది కాదు, డబ్బు లైబ్రరీలు నడిపే గ్రంథాలయ సంస్థకు పంపుతాం" అన్నారు. వాళ్ల దగ్గరికి పోతే "ఎస్టిమేట్ వేసి పంపాం, డబ్బులు రావాలి" అన్నారు. ఎవరి నుంచి రావాలి అంటే మళ్లీ మొదటి ఆఫీసు పేరే చెప్పారు. మూడోసారి ఫైలు పైకి పోయిందన్నారు. నాలుగోసారి కూర్చున్న మనిషే మారిపోయారు, మొదటి నుంచి చెప్పాను. ఎవరూ కసురుకోలేదు, ఒకాయన కుర్చీ వేసి నీళ్లు కూడా ఇచ్చారు. కానీ రెండు ఆఫీసుల మధ్య పడిన మా డబ్బు ఎక్కడుందో, ఎంత ఉందో ఒక్కరూ చెప్పలేకపోయారు. చట్టం ప్రకారం కార్పొరేషన్ వసూలు చేసి గ్రంథాలయ సంస్థకు ఇవ్వాలి. మరి మా వార్డులో ఈ పన్ను కింద ఎంత వసూలైంది, అందులో ఎంత సంస్థకు చేరింది, మా లైబ్రరీకి ఎంత వచ్చింది, ఈ మూడు అంకెలు వార్డు ఆఫీసు గోడ మీద రాయమనండి. పెద్ద అక్షరాలతో, తెలుగులో, ఉర్దూలో. నాన్నా సాబూ ఇద్దరూ చదవగలిగేలా.

ఇదేం కాని పని కాదని నాకు ఎందుకు నమ్మకమంటే, బస్తీ దవాఖానాలు చూశాను కాబట్టి. 2018లో మొదలైనప్పుడు కొత్త బిల్డింగుల కోసం ఆగలేదు, చాలా చోట్ల ఉన్న కమ్యూనిటీ హాళ్లకే రంగులేసి, డాక్టరును, నర్సును పెట్టి తెరిచేశారు. రక్తం అక్కడే తీసుకుంటారు, టెస్టులు ఫ్రీ, రిజల్టు ఫోన్‌కు వస్తుంది. నాన్న షుగర్ టెస్టు కోసం ఇదివరకు ఎంత ఖర్చయ్యేదో నాకు తెలుసు. పేదవాళ్ల గుమ్మం దాకా దవాఖానా తేగలిగిన నగరం, నాలుగు పేపర్లూ పది కుర్చీలూ తేలేదా? కార్పొరేషన్ ఐదు రూపాయలకు అన్నం పెడుతోంది, 2014 నుంచి. ఆ లైన్లో నిలబడే వాళ్లలో చదువుకునే పిల్లలు ఎంతమందో చూసినవాళ్లకు తెలుసు. అన్నం, మందులు, బస్సు, ఈ మూడూ వచ్చాయి, మంచిదైంది, చేసినవాళ్లకు దండం. కూర్చుని చదువుకునే చోటు కూడా ఆ వరసలోదే.

స్లాబు రిపేరుకు టెండరు కావాలి, టైం పడుతుంది, ఒప్పుకుంటాను. అప్పటిదాకా మా కమ్యూనిటీ హాలు ఉంది. పెళ్లి చూపులకు, బర్త్‌డేలకు, బతుకమ్మ అప్పుడు తప్ప మిగతా రోజుల్లో ఖాళీయే. నేను కాలనీ అసోసియేషన్ పెద్దలతో మాట్లాడాను. ఫంక్షన్ లేని రోజుల్లో సాయంత్రం 4 నుంచి రాత్రి 9 దాకా ఇవ్వడానికి ఒప్పుకున్నారు, కరెంటు బిల్లు కూడా వాళ్లే భరిస్తామన్నారు. ఏడింటికి మూసేస్తే ఉద్యోగం చేసి వచ్చి చదువుకునేవాళ్లకు ఏం లాభం, అందుకే 9 అని అడిగాను. హాల్లో టాయిలెట్ ఉంది, నీళ్లొస్తాయి, నేనే వెళ్లి కుళాయి తిప్పి చూశాను. ఏటవాలు బల్ల పాత లైబ్రరీలోంచి తెచ్చుకుంటాం, మోయడానికి మా గల్లీ పిల్లలు ఆరుగురు రెడీ. పుస్తకాల సంచులు కూడా వాన రాకముందే పొడిగా ఉన్న ఈ హాల్లోకి మార్చనివ్వండి, రిజిస్టరులో రాసి సంతకం పెడతాం. కిటికీలకు కర్టెన్లు నేను కుట్టిస్తాను, గుడ్డ నాదే.

సంబంధిత అధికారుల నుంచి మాకు కావాల్సింది మూడే. ఆ అటెండరును, అదే మనిషిని, మళ్లీ ఇక్కడికి పంపడం. పాత లైబ్రరీకి వచ్చే పేపర్లను, ఉర్దూ పేపరుతో సహా, హాలు అడ్రసుకు వేయించడం. ఫలానా తేదీ నుంచి ఇక్కడ తాత్కాలికంగా నడుస్తుందని సంతకం పెట్టిన ఒక కాగితం. హాలు తాళంచెవి అసోసియేషన్ సెక్రటరీ గారి దగ్గర ఉంది, ఫోన్ చేస్తే అయిదు నిమిషాల్లో తెస్తారు. నిన్న సాయంత్రం ఈ సంగతి చెప్తే నాన్న ఏమీ అనలేదు, లేచి వెళ్లి బీరువాలో భూతద్దం ఉందో లేదో చూసుకున్నారు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
హైదరాబాద్